విహార హెలికాప్టర్ల రొద: కృష్ణలంకలో మా అనుభవం

నమస్కారం. పండుగ రోజుల్లో మీ అపార్ట్‌మెంట్ పక్కనున్న మైదానం నుంచి విహార హెలికాప్టర్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎగురుతున్నాయని, ఆ రొదకు మీ నాలుగు నెలల పాప ఉలిక్కిపడి లేస్తున్నదని, గుండె జబ్బు ఉన్న మీ మామగారికి మధ్యాహ్నం కునుకు పట్టడం లేదని, ఎవరికి చెప్పుకోవాలో తెలియడం లేదని రాశారు. విజయవాడ కృష్ణలంకలో మా వీధివాళ్లం రెండు దసరాలు ఇదే బాధ పడ్డాం. రెండో ఏడాది కొంత ఉపశమనం సాధించుకోగలిగాం. అది ఎలా జరిగిందో, ఎక్కడ తప్పటడుగులు వేశామో రాస్తున్నాను.

మొదటి ఏడాది మేము రొద మొదలైన తరువాత మేలుకున్నాం. నవరాత్రుల రెండో రోజున మా అమ్మకు రక్తపోటు పెరిగి తల తిరుగుతున్నదంటే, కోపంతో తోచిన ప్రతి నంబరుకూ ఫోన్ చేశాను. ఒకరు విమానాశ్రయం వారిని అడగమన్నారు, మరొకరు గాలిలో ఎగిరేది ఢిల్లీ పరిధిలోని విషయమన్నారు, ఇంకొకరు పండుగ నాలుగు రోజులు ఓపిక పట్టమన్నారు. విజయదశమి నాటికి హెలికాప్టర్ వెళ్లిపోయింది, మా ఫిర్యాదు ఏ కాగితం మీదా లేకుండా పోయింది.

ఆ తరువాత విమానయాన రంగంలో పనిచేసి విరమణ పొందిన మా పక్కింటి పెద్దాయన చెప్పిన ఒక్క మాట మా దారి మార్చింది: ఆకాశం మన చేతిలో లేదు, కానీ హెలికాప్టర్ దిగే నేల మన ఊరి అధికారుల చేతిలోనే ఉంది. ఎగిరే యంత్రానికీ పైలట్‌కూ సంబంధించిన నియమాలు కేంద్ర పౌర విమానయాన సంస్థ డీజీసీఏ చూస్తుంది. మైదానాన్ని తాత్కాలిక హెలిప్యాడ్‌గా వాడుకోవడానికి మాత్రం ఆ స్థలం యజమాని అంగీకారమూ, స్థానిక యంత్రాంగం అనుమతీ కావాలి. కాబట్టి హెలికాప్టర్‌ను ఆపమని అడగకుండా, ఆ అనుమతిలో ఏ వేళలు, ఎన్ని ట్రిప్పులు, ఏ వైపు నుంచి రాకపోకలు అన్న మూడు షరతులు చేర్చమని అడగాలని నిర్ణయించుకున్నాం.

ఈ మూడింటిలో రాకపోకల దారే అన్నిటికన్నా ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతున్నాను. హెలికాప్టర్ పెద్ద రెక్కలు రకాన్ని బట్టి సెకనుకు సుమారు పది నుంచి ముప్పై సార్లు గాలిని కొడతాయి. అంత మంద్రమైన ధ్వని తరంగాలు మీటర్ల కొద్దీ పొడవుంటాయి కనుక గోడలు, తలుపులు వాటిని సరిగా ఆపలేవు. కిటికీ అద్దాలు, బీరువా మీది గిన్నెలు అదిరేది అందుకే. దిగుతున్నప్పుడు ఒక రెక్క వదిలిన గాలి సుడిని వెనక వచ్చే రెక్క చీల్చుకుంటూ పోవడం వల్ల దడదడమనే చప్పుడు మరింత పెరుగుతుంది. జనావాసాల మీద 600 మీటర్ల వ్యాసార్ధంలోని అత్యంత ఎత్తయిన అడ్డంకి కంటే 300 మీటర్లు పైన ఎగరాలన్న అంతర్జాతీయ నియమం ఉన్నా, లేచేటప్పుడూ దిగేటప్పుడూ అది వర్తించదు. మైదానం పక్కన ఉన్న మనం పడే బాధంతా సరిగ్గా ఆ రెండు ఘట్టాలలోనిదే. దూరం రెట్టింపైతే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, కాబట్టి దిగే దారి ఇళ్ల మీది నుంచి కృష్ణ మీదికి జరిగితే పెద్ద తేడా వస్తుంది.

శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలు, 2000 ప్రకారం నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్, రాత్రి పరిమితి 45. పగలు అంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల మేర ప్రకటించే నిశ్శబ్ద మండలంలో ఆ పరిమితులు 50, 40. పరిమితిని 10 డెసిబెల్స్ మించితే ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు. 55 అన్నది సగటు లెక్క, ఒక్క నిమిషం రొదను దానితో పోల్చరాదని నిర్వాహకులు మాతో వాదించారు. సగటు మాట నిజమే. కానీ 16 గంటల పగటిలో 20 ట్రిప్పులు జరిగి, ట్రిప్పుకు ఒక్క నిమిషం 85 డెసిబెల్స్ వినిపిస్తే, తక్కిన కాలమంతా సద్దు లేకున్నా పగటి సగటు సుమారు 68కి చేరుతుంది. శబ్దశక్తిని కలిపే తీరు అటువంటిది. ఆ లెక్కను కాగితం మీద వేసి చూపాక ఎవరూ మారుమాట అనలేదు. ఈ నియమాలు ఎగిరే యంత్రానికి వర్తిస్తాయా అన్న వాదన తలెత్తితే అందులోకి దిగకండి. మీరు అడిగేది నేల మీది అనుమతిలో షరతులని మళ్లీ మళ్లీ గుర్తు చేయండి.

రుజువు కోసం ఒక నోటు పుస్తకం పెట్టండి. తేదీ, హెలికాప్టర్ లేచిన వేళ, దిగిన వేళ, ఏ వైపు నుంచి వచ్చింది, ఆ క్షణాన ఇంట్లో ఏం జరిగింది అన్నవి రాయాలి. మా వీధిలో నాలుగు ఇళ్లవాళ్లం వంతులవారీగా రాశాం. ఫోన్‌లోని శబ్దమాపక యాప్ అధికారిక కొలత కాదు గానీ, నిజమైన మీటరుతో కొలవమని అడగడానికి అది ఆధారమవుతుంది. మన దేశపు విమానాలకూ హెలికాప్టర్లకూ వీటీ అన్న అక్షరాలతో మొదలయ్యే గుర్తు రాసి ఉంటుంది; డాబా మీది నుంచి ఫొటో తీస్తే కనబడుతుంది, ఫిర్యాదులో అది రాస్తే ఏ హెలికాప్టర్ అన్న సందేహం ఉండదు.

రెండో ఏడాది పండుగకు నెలన్నర ముందే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో, గడచిన ఏడాది ఆ మైదానానికి ఇచ్చిన అనుమతి పత్రం నకలు అడిగాం. జవాబుకు చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు కనుక ముందుగా అడగడం తప్పనిసరి. అందులో వేళల గురించి ఒక్క షరతూ లేదని తేలింది. మా అర్జీకి బలం అక్కడే దొరికింది. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి, దానికి వీధి పటం జతచేశాం. ఆ పటంలో ఆసుపత్రులను, ఒక పాఠశాలను, మంచం పట్టిన వృద్ధులు ఉన్న ఇళ్లను గుర్తించాం. నిర్వాహకులను కూడా పిలిపించి మాట్లాడించారు. పల్లెల నుంచి వచ్చిన కుటుంబాలు ఇంద్రకీలాద్రినీ, ప్రకాశం బ్యారేజీనీ, భవానీ ద్వీపాన్నీ పై నుంచి చూసి ఎంత సంతోషిస్తాయో వారు చెప్పారు. ఆ సంతోషాన్ని మేము కాదనలేదు, ఇప్పటికీ కాదనను. మధ్యాహ్నం 1 నుంచి 4 దాకా విరామం, సాయంత్రం 6 తరువాత ట్రిప్పులు లేకపోవడం, రాకపోకలు నది వైపు నుంచే జరగడం: ఈ మూడూ ఒప్పుకున్నారు. ట్రిప్పుల సంఖ్య మాత్రం తగ్గించలేదు. గాలి దిక్కు మారిన రెండు రోజులు మళ్లీ ఇళ్ల మీదుగానే దిగారు. ఎదురుగాలిలో దిగడం భద్రత కోసమని పెద్దాయన చెప్పాక ఊరుకున్నాం.

నేల ద్వారా అదుపు చేయడం మా ఒక్కరి ఆలోచన కాదు. న్యూయార్క్‌లో 2016లో నగరపాలన తన సొంత హెలిపోర్టు నుంచి జరిగే విహార ట్రిప్పులను ఏడాదికి సుమారు 60,000 నుంచి 30,000కు తగ్గించేలా, ఆదివారాలు పూర్తిగా ఆపేలా నిర్వాహకులతో ఒప్పందం చేసుకుంది. నది అవతల న్యూజెర్సీ నుంచి వచ్చేవి మాత్రం ఆ ఒప్పందంలోకి రాలేదు. మీ మైదానం ఎవరిదో ముందు తెలుసుకోమని నేను ఇంతగా చెప్పడానికి కారణం అదే.

ఇంట్లో చేయగలిగింది తక్కువ. కిటికీ రెక్కల అంచులకు రబ్బరు పట్టీ వేయించడం వల్ల కీచుదనం తగ్గింది, మంద్రమైన అదురు తగ్గలేదు. దళసరి తెరలకు డబ్బు పెట్టకండి. పాపను మైదానం వైపు కాకుండా ఇంటి అవతలి వైపున్న గదిలో, అద్దాల బీరువాలకు దూరంగా పడుకోబెట్టండి. మీ మామగారి రక్తపోటును రొద ఉన్న రోజూ లేని రోజూ అదే వేళకు చూసి రాసిపెట్టి, వైద్యునికి చూపించండి. వైద్యుడు రాసిచ్చే కాగితం అర్జీకి జతచేయవచ్చు.

మీ వీధిలో ఎవరైనా మిమ్మల్ని తప్పుపడితే కష్టపెట్టుకోకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మేడ మీద చిక్కుకున్న మా బంధువులు, ఆహారం జారవిడిచే హెలికాప్టర్ చప్పుడు కోసమే చెవులు రిక్కించి కూర్చున్నారు. వారికి నేటికీ ఆ శబ్దం ఆసరాగానే వినిపిస్తుంది. వారిని కూర్చోబెట్టి, మా అమ్మ గది పక్కన ఒక పూట ఉండమన్నాను. తరువాత అర్జీ మీద వారూ సంతకం చేశారు.

మీ మైదానం నగరపాలక సంస్థదా, ప్రభుత్వ శాఖదా, ప్రైవేటు స్థలమా అన్నది తెలుసుకొని ఇక్కడ రాయండి. దాన్నిబట్టి అర్జీ ఎవరి పేరున ఉండాలో చెప్పి, మేము ఇచ్చిన దాని నమూనా ఇక్కడే పెడతాను.