షష్టిపూర్తికి ప్రైవేట్ జెట్‌లో కశ్మీర్: మేం ఎగిరింది మూడు గంటలు, డబ్బు కట్టింది ఆరు గంటల నలభై నిమిషాలకు

నాన్నగారి షష్టిపూర్తి సందర్భంగా ఆరుగురం హైదరాబాద్ నుంచి శ్రీనగర్‌కి ప్రైవేట్ జెట్‌లో వెళ్లాలనుకుంటున్నాం, దసరా సెలవుల్లో అయితే ఎర్రబారిన చినార్ చెట్లు కనిపిస్తాయా, మొత్తం ఎంతవుతుంది అని ఒకరు అడిగారు. 2022లో మా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. డబ్బు డాలస్‌లో ఉండే మా బావది, తిరుగుడు నాది. కాబట్టి చెప్పగలను.

ముందు తేదీ సంగతి. మామూలు దసరా సెలవులకి చినార్లు ఇంకా పచ్చగానే ఉంటాయి, అంచుల్లో కాస్త పసుపు తిరుగుతుందంతే. కశ్మీరీలు హరుద్ అని పిలిచే ఆ శరత్కాలం అసలు రంగు మీదకొచ్చేది అక్టోబరు చివరి వారం నుంచి నవంబరు రెండో వారం దాకా. శ్రీనగర్ పక్కనున్న పాంపోర్‌లో కుంకుమపువ్వు కోతలూ ఆ రోజుల్లోనే. పిల్లల సెలవుల కోసం ముందుకు జరిపారంటే లక్షలు పోసి పచ్చ ఆకులు చూసొస్తారు. అక్టోబరు ఆఖరికి పెట్టుకోండి.

మేం అలాగే అక్టోబరు 26 అనుకున్నాం. 25న ఎవరినో శంషాబాద్‌లో దించి, మర్నాడు ఢిల్లీకి ఖాళీగా వెళ్లాల్సిన ఒక విమానం దొరికింది. దీన్ని ఎంప్టీ లెగ్ అంటారు. ఎలాగూ ఖాళీగా ఎగరాల్సిందే కాబట్టి ఆ ముక్క చవగ్గా ఇస్తారు, ఢిల్లీ నుంచి శ్రీనగర్‌కే పూర్తి రేటు. ఇంకేం, బేరం కుదిరిందనుకున్నాం. అప్పుడు మా మేనత్త పంచాంగం తీసింది. 25న సూర్యగ్రహణం. గ్రహణం పట్టాక మూడు రోజులు ప్రయాణం కట్టకూడదంది. అమ్మ కూడా అటే మొగ్గింది. 29 శనివారం అయితే తూర్పుకి శూల గానీ మనం పోయేది ఉత్తరానికి కదా, పరవాలేదని అత్తయ్యే ఖాయం చేసింది. ఎంప్టీ లెగ్ పోయింది. ఎంప్టీ లెగ్ తేదీ మన కోసం జరగదు, విమానాన్ని అసలు అద్దెకు తీసుకున్నవాళ్ల ప్రోగ్రాం మారితే ఉన్నది కూడా రద్దవుతుంది. షష్టిపూర్తి లాంటి వాటికి దాన్ని నమ్ముకోకండి.

29వ తేదీకి దొరికిన విమానం ముంబైలో ఉంటుంది. లెక్క ఇక్కడే అర్థం చేసుకోవాలి. మనల్ని ఎక్కించుకోవడానికి ముంబై నుంచి ఖాళీగా వచ్చింది, గంటా పది నిమిషాలు. మనతో శ్రీనగర్‌కి మూడు గంటలు. మనల్ని దించి ఖాళీగా ముంబైకి రెండున్నర గంటలు. మొత్తం ఆరు గంటల నలభై నిమిషాలు. మాకు పడిన రేటు గంటకు 2 లక్షల 20 వేలు. 18 శాతం జీఎస్‌టీతో కలిపి 17 లక్షలు దాటింది, ల్యాండింగ్, హ్యాండ్లింగ్ చార్జీలు వేరే. గంటలు కూడా గాల్లో ఉన్నంతసేపే కాదు, చక్రాల కింద అడ్డుచెక్కలు తీసిన దగ్గర్నుంచి మళ్లీ పెట్టేదాకా. అందుకని రేటెంత అని అడక్కండి, విమానం ఏ ఊళ్లో ఉంటుందని అడగండి. గంటకు తక్కువ చెప్పిన దూరపు విమానం కంటే కాస్త ఎక్కువ చెప్పిన దగ్గరి విమానమే చివరికి చవక. నాలుగు రోజులు అక్కడే ఆపుకుంటే నైట్ హాల్ట్ చార్జీలు, రోజుకు కనీసం ఇన్ని గంటలకు డబ్బు కట్టాలని షరతు. అందుకే మేం వెళ్లడానికి మాత్రమే జెట్ తీసుకుని, తిరుగు ప్రయాణానికి మామూలు టికెట్లు కొనుక్కున్నాం. మీకూ అదే చెబుతాను.

ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. తెలిసినవాళ్ల సొంత విమానం ఉంది, సగం ధరకే ఇప్పిస్తామని మాక్కూడా ఒకాయన ఫోన్ చేశాడు. సొంత వాడకానికి రిజిస్టర్ చేసిన విమానాన్ని అద్దెకివ్వడం చట్టవిరుద్ధం. జరగరానిది జరిగితే ఇన్సూరెన్స్ కూడా చేతులెత్తేస్తుంది. అద్దెకి తిప్పాలంటే పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే ఎన్‌ఎస్‌ఓపీ అనే పర్మిట్ ఉండాలి. పర్మిట్ కాపీ, వీటీ అని మొదలయ్యే విమానం నంబరు, రెండూ అడ్వాన్స్ ఇవ్వకముందే తెప్పించుకోండి. రద్దు చేస్తే ఎంత కోస్తారో కూడా కాగితం మీద ఉండాలి.

ఇక లోపల. ప్రకటనల్లో చూసి మా అమ్మ హాల్లాంటిది ఊహించుకుంది. ఆరేడుగురి చిన్న జెట్‌లు చాలావాటిలో లోపలి ఎత్తు ఐదడుగులు కూడా ఉండదు. మా నాన్న ఐదూ ఎనిమిది, నడుం వంచుకునే సీటు దాకా వెళ్లారు. టాయిలెట్ చాలా ఇరుకు, కొన్నింటిలో తెర చాటున సీటంతే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి మూడు గంటలంటే ఇది చిన్న విషయం కాదు, ఫొటోలు పంపమనండి. గట్టి సూట్‌కేసులు సామాన్ల అరలో పట్టవు, మెత్తటి బ్యాగులే తీసుకెళ్లండి. అక్క తెచ్చిన పెద్ద పెట్టె ఒకటి శంషాబాద్ నుంచే కారులో ఇంటికి తిరిగొచ్చింది.

‘మన విమానమే కదా, ఆగుతుందిలే’ అని బావ నలభై నిమిషాలు ఆలస్యంగా బయల్దేరాడు. విమానం ఆగింది, స్లాట్ (అంటే దిగడానికి మాకిచ్చిన వేళ) ఆగలేదు. శ్రీనగర్‌ది వైమానిక దళం ఎయిర్‌పోర్టు. ముందుగా అనుమతి, ఇచ్చిన వేళకు దిగడం, పైలట్ల డ్యూటీ గంటలు, అన్నీ కలిసి గంటన్నర కూర్చోబెట్టాయి. ఆ టెన్షన్‌లో బావ ముఖం చూడాల్సింది! అమ్మ మాత్రం తాపీగా పులిహోర డబ్బా విప్పింది.

శ్రీనగర్‌లో రన్‌వే దగ్గర ఫొటోలు తీయకూడదు, కాబట్టి విమానం మెట్ల మీద ఫొటో శంషాబాద్‌లోనే, అక్కడి వాళ్లనడిగి తీసుకోండి. ఫోన్ల సంగతి, మేం వెళ్లినప్పుడు మన ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయలేదు, నాన్న పోస్ట్‌పెయిడ్ ఒక్కటే దిక్కయింది. వచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టుకి చాలా ముందే గేటు దగ్గర కారు దిగి సామాన్లన్నీ స్కానింగ్‌కి ఇవ్వాలి, ఎవరికైనా అంతే.

నిషాత్ బాగ్, షాలిమార్ తోటలు ఎలాగూ చూస్తారు. నేనైతే కశ్మీర్ విశ్వవిద్యాలయం ఆవరణలోని నసీం బాగ్‌కి ఒక పూట ఇవ్వమంటాను. మొఘలుల కాలంనాటి చినార్లు, కింద మోకాలి లోతున ఆకులు.

పాంపోర్‌కి మాత్రం తెల్లవారేసరికి చేరండి. ఎండ ముదరకముందే పూలు కోసేస్తారు. కుంకుమపువ్వు మొక్కంటూ ఏమీ కనిపించదు, ఉత్త మట్టిలోంచి వేలెడు ఎత్తున ఊదారంగు పువ్వు నేరుగా లేస్తుంది. లోపల మూడే ఎర్ర పోగులు. కిలో కుంకుమపువ్వుకి లక్షన్నర పూలు దాకా కావాలి. ఆ పొలం ఆవిడ సైగ చేస్తే అమ్మ గట్టు మీద గొంతుక్కూర్చుని, మా పెరట్లో కనకాంబరాలు కోసినట్టే గోటితో తుంచి బుట్టలో వేసింది. పావుగంటకి బుట్ట అడుగు నిండలేదు. అమ్మ ఆ వేళ్లు రోజంతా వాసన చూసుకుంటూనే ఉంది. ‘బీరువాలో దాచిన గ్రాము డబ్బా ధర ఎక్కువని ఇన్నాళ్లూ తిట్టుకున్నానురా’ అంది.

అక్టోబరు చివర రాత్రులు నాలుగైదు డిగ్రీలకు పడిపోతాయి, హోటల్‌లో గది హీటింగ్ ఉందో లేదో అడిగి బుక్ చేయండి.

తిరుగు ప్రయాణంలో ఢిల్లీలో పెద్ద విమానం ఎక్కాం. నాన్న సీట్ల మధ్య దారిలో ఒకసారి నిటారుగా నిలబడి, వెనక్కి తిరిగి బావతో ‘ఇది బాగుందయ్యా, తల తగలట్లేదు’ అన్నారు.