అమ్మమ్మ సగంలో వదిలిన లేసు

ప్రశ్న: మాది నర్సాపురం దగ్గర పల్లె. నన్ను పెంచింది అమ్మమ్మే. లేసు బాగా అల్లేది. పోయి పది నెలలైంది. ఆవిడ సగంలో ఆపేసిన టేబుల్ క్లాత్ సూదితో సహా బీరువాలో ఉంది. ఎవరిచేతనైనా పూర్తి చేయించి సంవత్సరీకానికి ఫొటో కింద పరుద్దామని పిన్ని అంటోంది. చూస్తే ఏడుపొస్తోంది, ఎవరికైనా ఇచ్చేయమని అమ్మ. నాకు రెండూ ఇష్టం లేదు. అమ్మమ్మ ఆఖరిసారి ఫోన్ చేసినప్పుడు ‘మీటింగ్‌లో ఉన్నా, మళ్లీ చేస్తా’ అని పెట్టేశాను. మళ్లీ చేయలేదు. ఆ మాటే చెవిలో తిరుగుతోంది.
- ఓ సోదరి, హైదరాబాద్

జవాబు: పూర్తి చేయించకండి. మీ పిన్నిగారి ప్రేమను తప్పుపట్టడం లేదు. కానీ ఒకరి చెయ్యి బిగువు, ఇంకొకరిది వదులు. చెయ్యి మారిన చోటు లేసులో ఇట్టే తెలిసిపోతుంది. అమ్మమ్మ ఎక్కడ ఆపిందో అక్కడే ఉండనివ్వండి.

అమ్మగారి మీదా కోపం వద్దు. మీకు అమ్మమ్మ పోయింది, ఆవిడకు అమ్మ పోయింది. ‘నీ కంట పడకుండా హైదరాబాద్‌లో నా దగ్గర పెట్టుకుంటానమ్మా’ అనండి. గొడవ సగం అక్కడే తీరుతుంది.

మీ వైపు ఈ అల్లిక 19వ శతాబ్దంలో మిషనరీలతో వచ్చింది. తరాల తరబడి ఆడవాళ్లు వంటా వార్పూ అయ్యాక కూర్చుని అల్లినవి విదేశాలకు వెళ్లాయి. చేతికొచ్చిన కూలి మాత్రం అంతంతే. ఇంట్లోవాళ్లు కూడా ‘ఊరికే కూర్చోలేక ఏదో అల్లుకుంటోంది’ అనేవాళ్లు. 2024లో నర్సాపురం లేసుకు ‘ఇది ఫలానా ప్రాంతపు సరుకే’ అని ప్రభుత్వం ఇచ్చే జీఐ గుర్తింపు వచ్చింది, సంతోషమే. అది ఊరి పేరు. ఏ ముక్క మీదా అల్లిన మనిషి పేరుండదు.

అందుకే సంవత్సరీకానికి ఒక పని పెట్టుకోండి. అమ్మమ్మ పక్కన కూర్చుని అల్లినవాళ్లు ఊళ్లో ఇంకా ఉంటారు. భోజనాలయ్యాక వాళ్లను కూర్చోబెట్టి అడగండి. ఏ పువ్వు ఆవిడ సొంతంగా కల్పించింది? ఎవరెవరికి నేర్పింది? కూలి తగ్గిస్తే ఏజెంటును ఏమని తిట్టింది? ఫోన్‌లో రికార్డు చేయండి, తిట్లతో సహా. మన ఇళ్లలో పెద్దవాళ్లు పోగానే దేవతలైపోతారు. మిమ్మల్ని పెంచింది ఆ దేవత కాదు కదా!

ఇక ఆ ఫోన్ కాల్. ఆవిడతో అంతకుముందు ఎన్నిసార్లు గంటలకొద్దీ మాట్లాడి ఉంటారు! మనసు అవన్నీ వదిలేసి ఆఖరిదాన్నే పట్టుకుంటుంది. ‘మళ్లీ చేస్తా’ అన్న మనవరాలి మీద అలిగే రకమా మీ అమ్మమ్మ? మీకే బాగా తెలుసు. ఈ సంగతి అమ్మతో ఒకసారి చెప్పండి. ఆవిడ దగ్గరా ఇలాంటి మాట ఒకటి దాగి ఉండొచ్చు. తిథి దగ్గర పడేకొద్దీ దుఃఖం మళ్లీ పొంగడం మామూలే. తిండీ నిద్రా పూర్తిగా దెబ్బతిన్నా, బతకాలని లేదనిపించినా మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

అన్నట్టు, ఆ సూది. సముద్రపు గాలికి తుప్పు పడితే తెల్లదారం మీద మరక ఓ పట్టాన పోదు. తీసేయండి. అయితే ఆఖరి లూప్ వదిలేస్తే దారం లాగినకొద్దీ వరస మొత్తం ఊడి వచ్చేస్తుంది. ముందు ఆ లూప్‌లోంచి రంగు పోని దారం ఒకటి దూర్చి ముడేసి, తర్వాత సూది తీయండి. మడత పెట్టకుండా, ఉతికిన నూలుగుడ్డలో చుట్టండి. ప్లాస్టిక్ కవర్ వద్దు.