వేరే ఓడ తరఫున మేడే పంపాల్సి వస్తే

చిరంజీవి మేనకోడలికి,

నీ ఉత్తరం అందింది. ఓడని నడిపే గది, అంటే బ్రిడ్జి మీద వాచ్ (కాపలా డ్యూటీ) నీ చేతికొచ్చాక, ఎవరో ఆపదలో ఉన్నామని రేడియోలో పిలిస్తే ఏం చేయాలో పుస్తకంలో చదివినా టెన్షన్ పోవట్లేదని రాశావు. ఆ టెన్షన్ ఉండాల్సిందే. చేయాల్సిన పనుల వరుస మాత్రం ముందే మనసులో పడిపోవాలి.

ఆపద పిలుపులకి వాడే రేడియో ఛానెల్ 16లో మేడే, అంటే ప్రాణాపాయంలో ఉన్నామన్న పిలుపు, వినబడగానే మాట్లాడే తొందరలో పడకు. పెన్ను తియ్యి. యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) టైమ్ వేసి, విన్నది విన్నట్టు రాయి: ఓడ పేరు, పొజిషన్, ఏం జరిగింది, ఎంతమంది ఉన్నారు, ఏం సాయం అడుగుతున్నారు. రాస్తూనే కెప్టెన్‌ని పైకి పిలువు. తీరానికి దగ్గర్లో ఉంటే ముందు కోస్ట్ స్టేషన్ (తీరంలోని రేడియో కేంద్రం) జవాబివ్వడానికి కాస్త వ్యవధి ఇవ్వాలి. అందరూ ఒక్కసారే మాట్లాడితే ఎవరి మాటా వినబడదు.

జవాబు రాకపోతే మాత్రం, ఎవరో ఒకరు చూసుకుంటారులే అనుకోవద్దు. ఛానెల్ 16 ఉండే వీహెచ్ఎఫ్ రేడియో దాదాపు చూపు ఆనినంత దూరమే పోతుంది. చిన్న పడవలో మనిషి చేతిలో ఉన్న సెట్ మహా అయితే 5, 6 వాట్లు, దాని యాంటెన్నా నీళ్లకు మనిషెత్తులో ఉంటుంది. మనది 25 వాట్లు, యాంటెన్నా ఎక్కడో పైన. అతని మాట మన దాకా వచ్చి అక్కడే ఆగిపోయి ఉండొచ్చు. అందుకే, మేడేకి ఎవరూ జవాబివ్వడం లేదని తెలిశాక, మనం సాయానికి వెళ్లలేనంత దూరంలో ఉన్నా సరే రిలే చేసి, అంటే వాళ్ల పిలుపుని మన సెట్ నుంచి ముందుకు అందించి తీరాలి. ఆపదలో ఉన్నవాళ్లు తామే పంపలేని స్థితిలో ఉన్నా, ఇంకా సాయం కావాలని మన కెప్టెన్‌కి అనిపించినా రిలే చేయవచ్చు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. సెట్ మీద మూత కింద ఉండే ఎర్ర బటన్ జోలికి పోకు. అది నొక్కితే వెళ్లేది మన ఎంఎంఎస్ఐ నంబరు (రేడియోలో మన ఓడని గుర్తించే నంబరు), మన పొజిషన్. అంటే ఆపదలో ఉన్నది మనమేనని అందరూ అనుకుంటారు. హెలికాప్టర్ మన నెత్తి మీదికి వస్తుంది, అవతల నీళ్లలో ఉన్నవాళ్లు అలాగే ఉండిపోతారు. రిలేలో జరిగే అసలు ప్రమాదం ఇదే: పిలిచేది ఎవరు, మునిగేది ఎవరు అన్నది కలిసిపోవడం.

అందుకే నోటితోనే, ఈ వరుసలోనే చెప్పు. “మేడే రిలే” మూడుసార్లు. “ఆల్ స్టేషన్స్” అనో, కోస్ట్ స్టేషన్ పేరో మూడుసార్లు. “దిస్ ఈజ్” అని మన ఓడ పేరు మూడుసార్లు, కాల్ సైన్ (ఓడకి ఇచ్చిన రేడియో గుర్తు). తర్వాత ఒక్క క్షణం ఆగి, “మేడే” అని ఆపదలో ఉన్న ఓడ పేరు, ఆపైన నువ్వు రాసుకున్న సందేశం. పొజిషన్ చెప్పేటప్పుడు అది ఆ ఓడదేనని విడమరిచి చెప్పు. అంకెలు ఒక్కొక్కటిగా పలుకు: “థర్టీ” అనకు, “త్రీ జీరో” అను. గరగరలో థర్టీన్, థర్టీ ఒకేలా వినబడతాయి, ఆ తేడా మైళ్లకు మైళ్లు. అవతలివాళ్ల చేత తిరిగి చదివించుకుని, నీ కాగితంతో సరిచూసుకో.

నువ్వు వినని వివరం వాళ్లు అడిగితే, వినలేదనే చెప్పు. “నలుగురు ఉండొచ్చు” అని నువ్వు ఊహించి అంటే, నలుగురు దొరికాక వెతకడం ఆపేసే అవకాశం ఉంది. నీ కళ్లతో చూసింది ఏమైనా ఉంటే, అంటే ఎర్ర ఫ్లేర్ లాంటిది, “మేం చూసింది” అని విడిగా చెప్పు.

నడిసముద్రంలో, చాలా దూరం పోయే హెచ్ఎఫ్ రేడియో మీద డీఎస్సీ అలర్ట్, అంటే మాట లేకుండా బటన్‌తో పంపే డిజిటల్ ఆపద సంకేతం, వస్తే పద్ధతి వేరు. దానికి నువ్వు డీఎస్సీలో జవాబివ్వకు. ఆ బ్యాండ్‌కి చెందిన వాయిస్ ఫ్రీక్వెన్సీలో విను. 5 నిమిషాల్లో ఏ కోస్ట్ స్టేషనూ అందుకోకపోతే అప్పుడు కోస్ట్ స్టేషన్‌కి రిలే చెయ్యి, శాటిలైట్ ఫోన్ ఉంటే రెస్క్యూ సెంటర్‌కి నేరుగా చెప్పు.

తీరం అందుకున్నాక చాలామంది ఒక పని మరిచిపోతారు. ఆపదలో ఉన్నవాళ్లకి తీరం జవాబు వినబడకపోవచ్చు కదా. వెంటనే వాళ్లని పిలిచి, “మీ మేడే అందింది, మీ పొజిషన్ వాళ్లకి చేరింది” అని చెప్పు. బ్యాటరీ దాచుకోమను, ఎన్ని నిమిషాలకోసారి పిలుస్తావో చెప్పి అదే టైముకి పిలువు. రెస్క్యూ సెంటర్ నిన్ను విడుదల చేసేదాకా రెండు వైపులా మాట మోసే పని నీదే. వాచ్ మారితే, నీ చేతిరాత కాగితం పక్కన పెట్టి మరీ తర్వాతి ఆఫీసర్‌కి అప్పగించు.

ఇట్లు,
మామయ్య