శనివారం పొద్దున ఐదు కిలోమీటర్లు

ప్రశ్న: సెప్టెంబరులో లండన్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాను, సంక్రాంతికి తిరిగొస్తాను. వాళ్లు ఉండేది హౌన్‌స్లోలో. ఇక్కడ రోజూ పొద్దున్నే నాలుగైదు కిలోమీటర్లు నడిచే అలవాటుంది. అక్కడ శనివారాలు పార్క్‌రన్ అని జరుగుతుందట, వెళ్దామంటే మా అల్లుడు "అది పరిగెత్తేవాళ్లకి అత్తయ్యా" అంటున్నాడు. నాకు 61 ఏళ్లు. షుగర్‌కి మాత్రలు వాడుతున్నాను. ఇంగ్లిష్ అర్థమవుతుంది కానీ మాట్లాడాలంటే టెన్షన్. వెళ్లొచ్చా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: తప్పకుండా వెళ్లండమ్మా. పేరులో రన్ ఉంది కాబట్టి మీ అల్లుడు అలా అనుకుని ఉంటాడు, కానీ అది పోటీ కాదు, ప్రతి శనివారం పార్కులో అందరూ కలిసి చేసేది. ఐదు కిలోమీటర్లు పరిగెత్తేవాళ్లు పరిగెత్తుతారు, నడిచేవాళ్లు నడుస్తారు, పిల్లల్ని బండిలో కూర్చోబెట్టి తోసుకుంటూ వచ్చే తల్లులూ ఉంటారు. రోజూ నడిచే మీకు గంటా, మహా అయితే గంటంబావు పడుతుంది. అందరికంటే వెనకాల టెయిల్ వాకర్ అని ఒక వాలంటీర్ నడుస్తారు, చివరగా వచ్చేది ఎప్పుడూ వాళ్లే. కాబట్టి "నేనే ఆఖరైపోతానేమో" అన్న భయం పెట్టుకోకండి.

ఇంకో విషయం, మీరు వెళ్తున్నది ఇదంతా పుట్టిన చోటికి దగ్గర్లోకే. 2004 అక్టోబరు 2న టెడింగ్టన్ పక్కనున్న బుషీ పార్కులో పాల్ సింటన్-హ్యూయిట్ అనే ఆయన మొదలుపెట్టారు. దెబ్బ తగిలి తను పరిగెత్తలేని సమయంలో, స్నేహితుల్ని కలుసుకోవడానికి ఒక వంక కావాలని పెట్టిన పరుగు అది. ఆ రోజు పరిగెత్తింది 13 మంది. హౌన్‌స్లో నుంచి ఆ పార్కు పెద్ద దూరమేమీ కాదు. శనివారం పొద్దున పిల్లల్ని నిద్ర లేపడం ఇష్టం లేకపోతే బస్సులో వెళ్లొచ్చు, కాకపోతే లండన్ బస్సుల్లో డబ్బులు తీసుకోరు, బ్యాంకు కార్డు గానీ ఆయిస్టర్ అనే ప్రయాణ కార్డు గానీ ఉండాలి. మొదటిసారి మాత్రం అమ్మాయిని తోడు రమ్మనండి.

ఇక్కడ ఉండగానే పార్క్‌రన్ వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకోండి, పైసా ఖర్చు లేదు. అత్యవసర ఫోన్ నంబర్ అడిగినప్పుడు గుంటూరు నంబర్ ఇవ్వకండి, అమ్మాయి లండన్ నంబర్ ఇవ్వండి, చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. నమోదయ్యాక ఇంగ్లిష్ 'A' అక్షరంతో మొదలయ్యే నంబర్‌తో ఒక బార్‌కోడ్ వస్తుంది. ఫోన్‌లో చూపించినా చాలు, కానీ వాన పడుతున్నప్పుడు తడి చేతులతో ఫోన్ తీసి వెతకడం కష్టం, ఒక కాగితం మీద ప్రింటు తీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి. బార్‌కోడ్ లేకపోయినా నడవనిస్తారు, ఫలితాల్లో మాత్రం మీ పేరు రాదు.

తొమ్మిదింటికి మొదలవుతుంది, ముందే చేరుకోండి. కొత్తగా వచ్చినవాళ్లని పక్కకి పిలిచి దారి ఎలా ఉంటుందో చెప్తారు, మీరు వింటే సరిపోతుంది. వేరే ఊళ్ల నుంచి ఎవరైనా వచ్చారా అని అడగడమూ మామూలే. అప్పుడు చెయ్యెత్తి "ఇండియా" అనండి, అంతే, చప్పట్లు కొడతారు. నిజానికి మీరు ఆ రోజు మాట్లాడాల్సిన ఇంగ్లిష్ అంతకంటే ఎక్కువ ఉండదు. మాట్లాడాలనిపిస్తే నడిచేవాళ్ల మధ్య బోలెడు తీరిక ఉంటుంది.

బయలుదేరేటప్పుడు వెనక వరసలో నిలబడండి. చివరికి వచ్చాక తాడు కట్టిన సన్నటి దారిలోంచి పంపించి చేతిలో చిన్న ప్లాస్టిక్ బిళ్ల పెడతారు, దాని మీద మీరు ఎన్నో వారో ఆ అంకె ఉంటుంది. దాన్నీ మీ బార్‌కోడ్‌నీ వాలంటీర్ స్కాన్ చేస్తారు. బిళ్ల వెనక్కి ఇచ్చేయాలి, గుర్తుగా ఉంటుందని సంచిలో వేసుకోకండి, వచ్చే వారం వాళ్లకి అది కావాలి. ఫలితం ఈమెయిల్‌కి వస్తుంది.

షుగర్ సంగతి: ఖాళీ కడుపుతో వెళ్లొద్దు. నడిస్తే షుగర్ పడిపోయే మందులు కొన్ని ఉన్నాయి, మీవి ఆ రకమో కాదో ఇక్కడి డాక్టర్‌ని అడిగి వెళ్లండి, జేబులో గ్లూకోజ్ బిళ్లలు, చేతిలో నీళ్ల సీసా ఉంచుకోండి, దారిలో నీళ్లు ఇస్తారని అనుకోకండి. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు షుగర్ ఉందని రాయండి, దాచి తీసుకున్న బీమా అవసరానికి పనికిరాదు. దిగిన వారమే పరుగున వెళ్లకండి, నిద్ర కుదుటపడనివ్వండి.

చీర కట్టుకున్నా ఎవరూ ఏమీ అనరు, కానీ మంచుకి తడిసిన గడ్డిలో అంచు బరువెక్కి కాళ్లకి చుట్టుకుంటుంది, చుడీదార్ వేసుకుని చున్నీ నడుముకి బిగించి కట్టండి, మంచి బూట్లు వేసుకోండి. బుషీ పార్కులో జింకలు స్వేచ్ఛగా తిరుగుతాయి. మీరు వెళ్లే సెప్టెంబరు నుంచి నవంబరు దాకా మగ జింకలు కోపంగా ఉండే కాలం. ఫోటో కోసం దగ్గరికి వెళ్లకండి, 50 మీటర్ల దూరం ఉండాలని పార్కువాళ్లే చెప్తారు.

నేను ఇంత గట్టిగా వెళ్లమంటున్నానంటే కారణం ఉంది. పిల్లల దగ్గరికి వెళ్లిన మన పెద్దవాళ్లు వారమంతా నాలుగు గోడల మధ్య, వాళ్లు ఆఫీసు నుంచి ఎప్పుడొస్తారా అని చూస్తూ గడిపేస్తారు. వారానికి ఒక్క పూటైనా మీదంటూ ఒక పని, మిమ్మల్ని "ఫలానా వాళ్ల అమ్మగారు" అని కాకుండా మీ పేరుతో పలకరించే నలుగురు మనుషులు ఉండాలి. నడక వద్దనిపించిన వారం వాలంటీర్‌గా వెళ్లండి, బార్‌కోడ్ స్కాన్ చేసే పని ఎవరికైనా వస్తుంది.

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో మా మనవడికి ఎనిమిదేళ్లు. మహా వేగంగా పరిగెత్తుతాడు. వాణ్ణి నేను తీసుకెళ్లొచ్చా?
- ఒక తాతయ్య, వరంగల్

జవాబు: తీసుకెళ్లొచ్చు, కానీ వాడి వేగం మీకు ఉందా అన్నదే ప్రశ్న. 11 ఏళ్లలోపు పిల్లలు పెద్దవాళ్ల చేతికి అందేంత దూరంలోనే ఉండాలి, ఆ నియమం మొదటి నుంచి చివరిదాకా. వాడు ముందుకెళ్లి మీరు వెనకాల వస్తామంటే కుదరదు. మీ అబ్బాయి వాడితో పరిగెత్తితే మీరు తీరిగ్గా నడవండి, అందరికీ బాగుంటుంది. లేదా ఆదివారం జూనియర్ పార్క్‌రన్ దగ్గర్లో ఉందేమో చూడండి, అది 4 నుంచి 14 ఏళ్ల వాళ్లకి, రెండు కిలోమీటర్లు. మెల్‌బోర్న్‌లో శనివారం పరుగు ఎనిమిదింటికే, లండన్ లెక్కలో తొమ్మిదింటికి వెళ్తే అయిపోతూ ఉంటుంది. ఆల్బర్ట్ పార్క్ చెరువు చుట్టూ జరిగేది మంచిది, ఫార్ములా వన్ కార్లు తిరిగే చోటే అది. మనవడికి ఆ ముక్క చెప్పండి, శనివారం మీకంటే ముందు లేస్తాడు.

ప్రశ్న: అమెరికాలో కూడా ఉంటుందా?
- ఒక పాఠకుడు, తణుకు

జవాబు: ఉంది, 2012లో మిషిగన్‌లోని లివోనియాలో మొదలైంది. కానీ ఇంగ్లండ్‌లోలాగా ప్రతి ఊళ్లో ఉండదు, మీ వాళ్లు ఉండే చోటికి రెండు మూడు గంటల ప్రయాణం కావొచ్చు. టికెట్లు కొన్నాక కాదు, ఇప్పుడే వెబ్‌సైట్‌లో మ్యాప్ తెరిచి చూడండి. దగ్గర్లో ఉన్నా శుక్రవారం రాత్రి ఆ పార్కు పేజీ మరోసారి చూడండి, మంచు పడినా, పార్కులో వేరే కార్యక్రమం ఉన్నా రద్దు చేస్తారు.