పాత అన్వేషకుల దారులు చదివితే ఉద్యోగం దొరుకుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ హిస్టరీ రెండో సంవత్సరం చదువుతోంది. పాతకాలంలో అన్వేషకులు తిరిగిన దారుల మీద రీసెర్చ్ చేసి, ఆ చరిత్రనే పిల్లలకు చెబుతానంటోంది. అందులో నిజంగా బతుకుదెరువు ఉంటుందా? మాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, కష్టమైన మాట ముందే చెప్పేస్తాను. ‘అన్వేషణ దారుల చరిత్రకారులు కావలెను’ అని ప్రకటన ఎక్కడా పడదు. ఈ పని చేసేవాళ్లు చరిత్ర లెక్చరర్లుగానో, మ్యూజియం, ఆర్కైవ్స్ ఉద్యోగులుగానో, కంప్యూటర్‌లో మ్యాపులు తయారుచేసే విద్య అయిన జీఐఎస్‌లో నిపుణులుగానో జీతం తీసుకుంటూ, దారుల చరిత్రను తమ ప్రత్యేక విషయంగా పెట్టుకుంటారు. కొన్నిచోట్ల దారులే ఉద్యోగాలిస్తాయి. అమెరికాలో పశ్చిమ ప్రాంతాన్ని అన్వేషించడానికి ప్రభుత్వం పంపిన లూయిస్, క్లార్క్ బృందం 1804 నుంచి 1806 దాకా ప్రయాణించిన దారిని 1978లో జాతీయ చారిత్రక మార్గంగా ప్రకటించారు. అక్కడ వచ్చినవాళ్లకు చరిత్ర వివరించడమే కొందరి ఉద్యోగం. అయితే అలాంటి పోస్టులు తక్కువ. వాటి మీదే ఆశ పెట్టుకోవద్దు.

మీ అమ్మాయి ఏం నేర్చుకోవాలో ఆ దారే చెబుతుంది. అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో ఆ బృందం రెండుసార్లు విడిది చేసిన ‘ట్రావెలర్స్ రెస్ట్’ అనే చోటు ఉంది. అది కచ్చితంగా ఎక్కడన్నది చాలాకాలం తేలలేదు. డైరీల్లో వర్ణన ఉంది కానీ నేల మీద గుర్తు లేదు. వంటపొయ్యికి ఎంత దూరంలో మరుగుదొడ్డి గుంట తవ్వాలో ఆనాటి సైనిక నియమాల్లో రాసి ఉంది. పరిశోధకులు ఆ లెక్క పట్టుకుని వెతికారు. 2002లో జరిగిన తవ్వకాల్లో ఆ గుంట మట్టిలో పాదరసం ఆనవాళ్లు దొరికాయి. ఎందుకంటే కడుపు బాధలకు ఆ బృందం మింగిన మాత్రల్లో పాదరసం ఉండేది! డైరీ చదివేవాళ్లు, నేల తవ్వేవాళ్లు, రసాయన పరీక్ష చేసేవాళ్లు కలిస్తేనే ఆ చోటు తేలింది. అందుకే ఈ రంగంలోకి వచ్చే పిల్లలకు నేనెప్పుడూ చెప్పేది ఒకటే: చరిత్ర డిగ్రీ పక్కన ఇంకో పని చేతిలో ఉండాలి. జీఐఎస్, పురావస్తు శాస్త్రం, లేదా మూల పత్రాలు రాసిన భాష, ఏదో ఒకటి. నన్నడిగితే జీఐఎస్‌కే ఓటు వేస్తాను. చరిత్రలో పోస్టు రావడానికి ఆలస్యమైనా, మ్యాపుల పని తెలిసినవాళ్లకు వేరేచోట పని దొరుకుతుంది.

రెండో విషయం నాకు ఇంకా ముఖ్యం. ఎవరి దారి అని అడగడం అమ్మాయి నేర్చుకోవాలి. 1805 సెప్టెంబరులో ఆ బృందం లోలో దారిలో బిటర్‌రూట్ పర్వతాలు దాటడానికి దాదాపు 11 రోజులు పట్టింది. మంచు, ఆకలి. వెంట తెచ్చిన గుర్రాల్లో కొన్నిటిని కోసుకు తిన్నారు. తిరుగు ప్రయాణంలో, 1806 జూన్‌లో, సొంతంగా బయల్దేరి మంచు లోతు చూసి వెనక్కి వచ్చేశారు. తర్వాత అక్కడి ఆదివాసులైన నెజ్ పర్స్ తెగవాళ్లు దారి చూపిస్తే ఆరు రోజుల్లో దాటేశారు. ఆ దారి వాళ్లు తరతరాలుగా నడిచిందే! ‘కనిపెట్టారు’ అనే మాట ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో ఈ ఒక్క సంఘటనతో తరగతిలో చెప్పొచ్చు. మన దేశానికి చెందిన సర్వేయర్ నైన్ సింగ్ రావత్ ఉదాహరణ కూడా అలాంటిదే. బ్రిటిష్ సర్వే కోసం మారువేషంలో టిబెట్ వెళ్లి, అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచారు. 108 పూసలుండాల్సిన జపమాలలో 100 పూసలే పెట్టుకుని, వంద అడుగులకో పూస జరిపారు. రాసుకున్న వివరాలు బౌద్ధులు చేత్తో తిప్పే ప్రార్థన చక్రంలో దాచారు. అలా 1866లో టిబెట్ రాజధాని లాసా చేరారు. మ్యాపు మీద పేరు ఎవరిది, నడిచిన కాళ్లు ఎవరివి అని పిల్లలు వాళ్లంతట వాళ్లే అడుగుతారు. ఆ ప్రశ్న పుట్టించగల టీచర్ అవసరం ఏ బడికైనా ఉంటుంది.

ఇక సమయం సంగతి. యూనివర్సిటీలో పాఠం చెప్పాలంటే ఎంఏ తర్వాత నెట్ అనే జాతీయ అర్హత పరీక్షో, పీహెచ్‌డీనో ఉండాలి; పరిశోధనే పని అనుకుంటే పీహెచ్‌డీ మేలు. పీహెచ్‌డీకి ఏళ్లు పడుతుంది, ఆ కాలంలో ఆదాయం తక్కువ. ఇంటి పరిస్థితి అందుకు ఒప్పుకోకపోతే ఎంఏ, బీఈడీ చేసి స్కూల్ టీచర్‌గా చేరి, సెలవుల్లో పరిశోధన కొనసాగించమనండి. అది తక్కువ దారేమీ కాదు. ఒక చిన్న దారిని పదేళ్లు పట్టుకుని పని చేసినవాళ్లకు ఆ దారి గురించి ఇంకెవరికీ తెలియనంత తెలుస్తుంది.

నిర్ణయానికి ముందు ఈ నెలలోనే ఒక పని చేయించండి. లూయిస్, క్లార్క్ డైరీలను నెబ్రాస్కా యూనివర్సిటీ ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. అందులో ఏదో ఒక వారం తీసుకుని, రోజూ ఎంత దూరం వెళ్లారో ఇప్పటి మ్యాపు మీద గుర్తించమనండి. స్పెల్లింగులు చిత్రంగా ఉంటాయి, క్లార్క్ ఒకే మాటను పలు రకాలుగా రాశారు. నదులు కూడా దారి మార్చుకున్నాయి కాబట్టి లెక్క కుదరదు, విసుగొస్తుంది. ఆ విసుగులోనూ రాత్రి పదింటిదాకా మ్యాపు ముందు నుంచి లేవకుండా కూర్చుందంటే నాకు మళ్లీ రాయండి. ఏ కోర్సులో, ఏ గైడ్ దగ్గర చేరాలో అప్పుడు వివరంగా మాట్లాడుకుందాం.