తెల్ల టర్కీయా, బోర్బన్ రెడ్డా: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి రాఘవకు ఆశీస్సులు.

అమెరికాలో, నార్త్ కరోలినాలోని పిట్స్‌బరో దగ్గర ఐదెకరాలు కొన్నావనీ, ఇప్పుడున్న కోళ్లకు తోడు వచ్చే ఏడు టర్కీలు కూడా పెంచాలనుకుంటున్నావనీ రాశావు. హెరిటేజ్ అనే పాతకాలపు జాతి తెచ్చుకోవాలా, గుడ్లు పొదిగించి పిల్లలను అమ్మే ఏ హేచరీలోనైనా తేలికగా దొరికే తెల్ల టర్కీ తెచ్చుకోవాలా అని అడిగావు. ఏటా పిల్లలను కొని నవంబరులో అన్నింటినీ కోసేసే ఉద్దేశమైతే తెల్ల టర్కీయే తీసుకో. గుడ్లు పెట్టించి, పొదిగించి, మందను ఏళ్ల తరబడి నిలుపుకునే ఓపిక ఉంటేనే హెరిటేజ్ జోలికి వెళ్లు. రెండు రకాలనూ పెంచి చూసిన మీదట నాకు కుదిరిన అభిప్రాయం ఇది.

నాటుకోడికీ బ్రాయిలర్‌కూ ఉన్న తేడా తెలిసినవాడివి కనుక సగం విషయం నీకు తెలిసినట్టే. అయితే టర్కీల దగ్గర ఆ తేడా ఇంకా ముదిరింది. బ్రాడ్ బ్రెస్టెడ్ వైట్ అనే తెల్ల టర్కీ పుంజుకు రొమ్ము ఎంత వెడల్పుగా, ఎంత బరువుగా పెరుగుతుందంటే అది పెట్టతో జతకట్టలేదు. ఆ జాతి పిల్లలన్నీ కృత్రిమ గర్భధారణ వల్ల పుట్టేవే. మీ పిట్స్‌బరోలోనే లైవ్‌స్టాక్ కన్జర్వెన్సీ అనే సంస్థ ఉంది. టర్కీని హెరిటేజ్ అనడానికి వాళ్లు పెట్టిన షరతులు మూడు: సహజంగా జతకట్టాలి, ఆరుబయట దీర్ఘకాలం బతికి, పెట్టలైతే ఐదు నుంచి ఏడేళ్లు, పుంజులైతే మూడు నుంచి ఐదేళ్లు సంతానానికి పనికిరావాలి, నెమ్మదిగా పెరిగి సుమారు 28 వారాలకు అమ్మకపు బరువుకు రావాలి. 1997లో ఆ సంస్థ హేచరీలలో లెక్క తీసినప్పుడు దేశం మొత్తం మీద ఇలాంటి తల్లి పక్షులు పదమూడు వందల పైచిలుకు మాత్రమే తేలాయి. ఒక్క మాట జాగ్రత్తగా గుర్తుంచుకో: బ్రాడ్ బ్రెస్టెడ్ బ్రాంజ్ అనే పక్షి నల్లని రాగి ఈకలతో అచ్చం పాతకాలపు జాతిలా కనిపిస్తుంది కానీ అది కూడా కమర్షియల్ రకమే. రంగు చూసి మోసపోకుండా, సహజంగా జతకడుతుందా అని అడిగి కొను.

నేను మొదటి ఏడు చేసిన పొరపాటు నువ్వు చేయకూడదు. తెల్లవీ, బోర్బన్ రెడ్ అనే హెరిటేజ్ జాతివీ కలిపి మే నెలలో ఒకేసారి తెప్పించాను. ఇంటింటా టర్కీ వండుకునే థాంక్స్‌గివింగ్ పండుగ నవంబరు నాలుగో గురువారం కనుక, అక్కడి నుంచి 28 వారాలు వెనక్కి లెక్కిస్తే మే రెండో వారం వస్తుంది. బోర్బన్ రెడ్‌లకు అది సరైన సమయమే. తెల్లవాటికి 16 నుంచి 18 వారాలు చాలు, అంటే జూలై ఆఖరున తేవలసినవి. అక్టోబరు వచ్చేసరికి తెల్ల పుంజులు కాళ్లు మడిచి దాణా తొట్టి ముందు కూలబడి, కూర్చున్న చోటే మెడ చాపి తినేవి. లేవబోయి మళ్లీ చతికిలబడేవి. కోసి శుభ్రం చేశాక ఒక పుంజు నలభై పౌన్లు దాటింది. దాన్ని కొన్న ఆయన మర్నాడు ఫోను చేసి, ఓవెన్ తలుపు మూసుకోవడం లేదని చెప్పాడు.

దాణా ఖర్చు కూడా చెప్పాలి. తెల్ల టర్కీ త్వరగా పెరుగుతుంది కనుక పౌను బరువుకు సుమారు రెండున్నర పౌన్ల మేతతో గట్టెక్కుతుంది. హెరిటేజ్ పక్షి పది వారాలు అదనంగా తింటుంది, బరువు చూస్తే తక్కువ: బోర్బన్ రెడ్ పడుచు పుంజు ప్రమాణ బరువు 23 పౌన్లు, పెట్టది 14, అదీ ప్రాణంతో ఉన్నప్పుడు. పైగా పిల్ల ధరా ఎక్కువే. ఈ నష్టం రెండో ఏడు నుంచి పూడడం మొదలవుతుంది, ఎందుకంటే వసంతంలో నీ పెట్టలే గుడ్లు పెడతాయి, 28 రోజులు పొదిగి పిల్లలను లేపుతాయి, నువ్వు హేచరీకి డబ్బు కట్టనక్కరలేదు. మా దగ్గర ఒక పెట్ట బార్న్ వెనుక ముళ్లపొదలో గుడ్లు దాచుకుంటే, అది లేచి నీళ్లకు వచ్చే వేళ కనిపెట్టి వెనకాలే నడిచి వెతకవలసి వచ్చింది.

హెరిటేజ్ టర్కీ ఎగురుతుందని మరిచిపోవద్దు. సంధ్యవేళకు షెడ్డులోకి తోలుదామంటే అది బార్న్ కప్పెక్కి కూర్చుంటుంది, వాన పడుతున్నా దిగదు. అలా చెట్టు మీద పడుకున్న ఒక పుంజును మాకు గుడ్లగూబ పొట్టన పెట్టుకుంది. ఒక వైపు రెక్క ఈకలు కత్తిరించి, పైన కప్పు ఉన్న చోట ఎత్తుగా కర్రలు కట్టు. తెల్లవాటికి ఎత్తు కర్రలు కడితే దూకి కాళ్లు పాడుచేసుకుంటాయి, వాటికి పొడి గడ్డి పరుపు చాలు.

అన్నిటికంటే నాకు దిగులుగా ఉన్నది నీ కోళ్ల విషయం. బ్లాక్‌హెడ్ అనే రోగం టర్కీలకు యముడు. ఆ రోగం తెచ్చే క్రిమి కోడి పేగులో ఉండే ఒక నులిపురుగు గుడ్లలో దాగి మట్టిలోకి చేరుతుంది, వానపాములలో ఏళ్ల తరబడి నిలవుంటుంది. కోడికి పెద్దగా ఏమీ కాదు, అదే మట్టిని టర్కీ పొడిస్తే గంధకం రంగు రెట్ట వేసి, రెక్కలు వేలాడదీసి, కొద్ది రోజులలో చనిపోతుంది. ఈ రోగాన్ని అరికట్టడానికి దాణాలో కలిపే నైటార్సోన్ అనే ఆర్సెనిక్ మందును 2015 చివర్లో ఇక్కడి మార్కెట్ నుంచి తీసేశారు, దాని స్థానంలో అనుమతి పొందిన మందు లేదు. జాతి ఏదైనా సరే, కోళ్లు తిరిగిన నేల మీద టర్కీలను విడవకు. టర్కీల దగ్గర నువ్వు వాడే చెప్పులు, పార, బకెట్టు కూడా వేరుగా ఉంచు.

అమ్మకానికి వస్తే, తెల్ల ఈకల పక్షిని శుభ్రం చేశాక చర్మం మీద మచ్చలు కనబడవు. ముదురు ఈకల పక్షికి మొలక ఈకలు తీసినా సిరా చుక్కల్లాంటి గుర్తులు మిగులుతాయి, కొనేవాళ్లకు ముందే చెప్పు. కేరీ, మోరిస్‌విల్ వైపు మనవాళ్లు పులుసుకూ వేపుడుకూ అడిగితే హెరిటేజ్ ఇవ్వు. తొడ మాంసం ఎక్కువ, వయసు ముదిరిన పక్షి కనుక మన నాటుకోడి వండినట్టు నెమ్మదిగా ఉడకాలి. మొత్తం పక్షిని ఓవెన్‌లో పెట్టేవాళ్లకు రొమ్ము వెడల్పే ముఖ్యం, వాళ్లకు తెల్లదే నప్పుతుంది.

హెరిటేజ్ పిల్లలే కావాలంటే జనవరిలోనే ఆర్డరు చెయ్యి, వసంతానికి దొరకవు. మొదటి వారం పిల్లలను వెచ్చగా ఉంచే బ్రూడర్‌లో 95 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంచి, వారానికి ఐదు చొప్పున తగ్గించు. దాణాలో ప్రొటీన్ 28 శాతం ఉండాలి, కోడిపిల్లల దాణా పనికిరాదు. టర్కీ పిల్లకు నీళ్లెక్కడున్నాయో దానంతటదిగా తెలియదు, ముక్కు ముంచి చూపాలి; నీళ్ల పళ్లెంలో రంగు గోళీలు వేస్తే ఆ మెరుపును పొడవబోయి తాగడం నేర్చుకుంటుంది. పిల్లలున్న పెట్టె పోస్టులో వచ్చిందని పోస్టాఫీసు నుంచి తెల్లవారుజామున ఫోను వస్తుంది. ఆ రోజు ముందు నాకు చెప్పు, గోళీలు తీసుకుని వస్తాను.

ఇట్లు,
మీ మామయ్య