చెవికి నలభై ఆరేళ్లు, చేతికి ఏడు నెలలు

ప్రశ్న: నా వయసు 46. ఏడు నెలలుగా వయొలిన్ నేర్చుకుంటున్నాను. రాత్రి పనులన్నీ ముగించుకుని గంటసేపు సాధన చేస్తే కరకరమని గీరుడు తప్ప పాట పలకడం లేదు. మా ఆయన ఎప్పుడూ కూనిరాగాలు తీస్తుంటారు, అయినా "ఈ వయసులో ఇదంతా అవసరమా?" అంటారు. బాబు తన గది తలుపు వేసుకుంటాడు. మానేయమంటారా?

జవాబు: మానేయకండి. ఇన్నేళ్లుగా మంచి పాట విన్న చెవి మీది. చేతి వయసేమో ఏడు నెలలు. చెవి ముందు నడుస్తోంది కాబట్టే ఈ బాధ. ఆ చెవే మిమ్మల్ని దిద్దుతుంది కూడా.

గీరుడుకు కారణం వయసు కాదు, కమాను, అంటే తీగల మీద లాగే కర్ర. నెమ్మదిగా లాగుతూ గట్టిగా అదిమితే తీగ గీరుకుంటుంది. కమాను వేళ్లు పెట్టే పలక మీదికి జారిపోతే నాదం పలచబడి గాలిగా వస్తుంది. అద్దం ముందు నిలబడి కమాను బ్రిడ్జికి (తీగలను ఎత్తి పట్టే చెక్కకు) సమాంతరంగా కదులుతోందో లేదో చూసుకోండి. బిగించినప్పుడు కమాను మధ్యలో కర్రకూ వెంట్రుకలకూ నడుమ పెన్సిలు పట్టేంత సందు చాలు. తీగల మీద తెల్లపొడి దట్టంగా పేరుకుంటుంటే కమాను వెంట్రుకలకు పట్టించే రోజిన్ ఎక్కువ రాస్తున్నట్టే. వాయించడం అయ్యాక తీగలను పొడిగుడ్డతో తుడిచి, కమాను వదులు చేసి పెట్టండి.

అలసిన ఒంటితో గంట వాయిస్తే భుజం పైకి లేస్తుంది, ఎడమ బొటనవేలు వయొలిన్ మెడను నొక్కేస్తుంది, ఆ బిగువే చేతికి అలవాటైపోతుంది. అందుకే రోజూ ఇరవై నిమిషాలు చాలు, అదీ ఒంట్లో ఓపిక ఉన్న వేళ. మొదటి ఐదు నిమిషాలు వేళ్లు పెట్టకుండా ఉత్త తీగల మీద పొడవుగా కమాను లాగండి. తర్వాత పది నిమిషాలు, తడబడే రెండు పంక్తులను మాత్రమే, మెట్రోనోమ్ (లయ కోసం టిక్కుటిక్కుమనే పరికరం) నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టుకుని వాయించండి. మిగిలిన ఐదు నిమిషాలు ఇష్టమైన పాట, తప్పులు పోయినా ఆగకుండా. మధ్యమధ్య బొటనవేలితో మెడను తట్టి చూడండి. తట్టలేకపోతే బిగపట్టారన్నమాట. నొప్పి అనిపిస్తే ఆ పూటకు ఆపేయండి.

అన్నట్టు, స్వరాల పుస్తకం మసకగా కనిపిస్తోందా? స్టాండు కళ్లకు చేతిపొడవు దూరంలో ఉంటుంది, చదువుకునే కళ్లద్దాలు అంతకంటే దగ్గరకు సరిపడేలా ఇస్తారు. ఆ దూరం కొలిచి కళ్ల డాక్టరుకు చెప్పండి. తల ముందుకు వంచి వాయించే అలవాటు చాలామందికి ఇక్కడే మొదలవుతుంది.

ఇక ఇంట్లోవాళ్ల సంగతి. మీవారితో వాదించకండి, అడగండి: ఇబ్బంది శబ్దమా, వేళా? బాబు చదువుకునే సమయం తెలుసుకుని మీ ఇరవై నిమిషాలు దానికి బయట పెట్టుకోండి. తప్పనిసరై రాత్రి వాయిస్తే బ్రిడ్జికి శబ్దం తగ్గించే రబ్బరు మ్యూట్ తగిలించండి. రోజూ మాత్రం వద్దు, అసలు నాదం వినపడకపోతే కుడిచేతికి ఒత్తిడి అంచనా తెలియదు.

మీవారిచేత కూనిరాగం బదులు గొంతు విప్పి ఒక పాట పాడించండి. ఆయన శ్రుతికి తీగలు దించుకుని మీరు షడ్జమం (స), పంచమం (ప) ఉత్త తీగల మీద పట్టి ఉంచండి. దించడమే సుమా, పై తీగను మామూలు కంటే పైకి బిగిస్తే తెగుతుంది. ఏడు నెలల చేతికి అది హాయిగా సాధ్యం. వారానికి ఒక్క పాట చాలు, బాబు తలుపు తీసే ఉంటే వాడూ వింటాడు.